దగ్గు మీద గట్టిమేళం

పాలకొండల మీద అడవి అంటుకున్న ఏడాది మా ల్యాబులో అందరికీ ఒకటే పని. దగ్గులు వినడం.

పొద్దున కాఫీ తాగుతూ దగ్గులు, మధ్యాహ్నం పెరుగన్నం తింటూ దగ్గులు. వినీ వినీ మా చెవులు ఎంత రాటుదేలాయంటే, బస్సులో పక్కవాడు ఒక్కసారి ఖళ్లుమంటే చాలు, ఇది బీడీ దగ్గు, ఇది జలుబు, ఇది పెళ్లిచూపుల్లో మొహమాటం దగ్గు అని తేల్చి చెప్పేసేవాళ్లం. మా ఆవిడ వంటింట్లో దగ్గిన తీరును బట్టి పోపు మాడిందని హాల్లో కూర్చునే కనిపెట్టేవాణ్ణి. ఆ తెలివి ఒకసారి పైకి ప్రదర్శించినందుకు ఆ పోపు మొత్తం నా కంచంలోకే వచ్చింది.

అడవి పొగ తెప్పించే దగ్గు వేరు. ఆకులూ వెదుళ్లూ ఎండుగడ్డీ కాలిన పొగ ఊపిరితిత్తుల అడుగుదాకా దిగితే, దగ్గు మధ్యలో తెగుతుంది, చివర్న సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈలని పట్టుకోవడానికే మా దమయంతి మేడమ్ 'చెవి'ని తయారుచేశారు. కొండల చుట్టూ ఉన్న ప్రతి ఊళ్లో ఒక స్తంభం, దాని నెత్తిన అన్నం పళ్లెమంత చక్రం. ఊళ్లో వినబడే చప్పుళ్లన్నిటిలోంచి పొగ దగ్గుల్ని మాత్రం ఏరుకుంటుంది. దగ్గింది ఒక్కరే అయితే ఆ మనిషికి సరిపడా మంచి గాలి నింపిన ఒక ఒంటిగది బండి మీద వస్తుంది. దగ్గులు హద్దు దాటితే మాత్రం పచ్చటి చక్రం ఎర్రబారి, ఊరంతటికీ సాయం బయల్దేరుతుంది. డాక్టరు, మందులు, పొగ తగ్గేదాకా ఇంటింటికీ బియ్యం పప్పులు, అన్నిటికన్నా ముఖ్యంగా గాలి పందిరి. గాలి పందిరి అంటే పెద్ద పెళ్లి పందిరంత గుడారం. దాని గోడలే ఊపిరి పీల్చుకుంటాయి. బయటి పొగని పీల్చుకుని లోపలికి కడిగిన గాలి వదుల్తాయి.

దీనికి దరఖాస్తు లేదు, సంతకం లేదు. సిఫారసు అసలే లేదు. అంతకుముందు అడవి ఒకచోట కాలితే సాయం ఇంకోచోట దిగేది. ఎక్కడ దిగిందా అని చూస్తే ఎవరో పెద్దమనిషి బావమరిది ఊరు అయ్యుండేది. అది చూసి చూసి మండిపోయిన మేడమ్, చెవిని ఎవరి మాటా విననట్టుగా కట్టారు. మంత్రి చెప్పినా వినదు, కలెక్టరు చెప్పినా వినదు, ఆఖరికి కట్టిన మేడమ్ చెప్పినా వినదు. "సిఫారసు దీని చెవికెక్కదయ్యా" అని ఆవిడ మురిసిపోతూంటే మేమూ మురిసిపోయేవాళ్లం.

ఆ వైశాఖంలో ఒకనాటి పొద్దున, మా గోడ మీది పటంలో కొండల చుట్టూ ఊళ్లన్నీ ఎర్రగా వెలుగుతున్నాయి. వాటి నట్టనడుమ ఒక్క ఊరు మాత్రం పచ్చగా ఉంది. పేరు మేళాలపల్లె. ఆ ఊరి మీద పొగ ఎంత దట్టంగా ఉందంటే ఉపగ్రహానికి ఇళ్లే కనబడటం లేదు. దగ్గులు మాత్రం సున్నా.

"ఊరంతా యోగులైనా అయ్యుండాలి, మన చెవికి చెవుడైనా వచ్చుండాలి" అన్నారు మేడమ్. "నువ్వెళ్లి చూసి రావయ్యా ప్రభంజనం."

నా పేరు ప్రభంజనరావు. పేరు పెట్టేటప్పుడు మా తాత నా ఛాతీ కొలుచుకోలేదు.

జీపు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. సూర్యుణ్ణి కళ్లార్పకుండా చూడొచ్చు, అలా ఉంది వెలుతురు. గాలిలో కాలిన వెదురు వాసన. కళ్లు మండాయి, ముక్కు కారింది, నాలుగడుగులు వేశానో లేదో దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. స్తంభం పట్టుకుని నిలబడి మరీ దగ్గాను. ఊళ్లో మరెవరూ దగ్గుతున్నట్టు లేదు. ఏదో ఇంట్లోంచి డోలు ఒక్కసారిగా ఢమఢమలాడి ఆగింది. మరో వీధిలోంచి ఇంకో డోలు.

ఇక్కడ ఇంటికో సన్నాయి ఉంటుంది, లేదంటే డోలు. దూదేకులవాళ్లూ నాయీబ్రాహ్మణులూ తరాలుగా కలిసి మేళం కట్టిన ఊరు. కడప నుంచి చిత్తూరు దాకా వీళ్లు వాయించందే తాళి కట్టించరని పేరు. ఆ ఊరి మేళాలన్నిటికీ పెద్ద హుసేనయ్య. డోలు విద్వాంసుడు, ఆరడుగుల మనిషి. మెళ్లో డోలు వేసుకునే వచ్చి నన్ను పలకరించాడు.

"రాండి సార్, రాండి. అంత దగ్గుతాండారు, ముందు మజ్జిగ తాగండి."

"నా దగ్గుకేం గానీ, మీ ఊళ్లో ఎవరికీ దగ్గులేదా?"

"దగ్గా? మా ఊర్లోనా?" అని, ఇంట్లో పాముందా అని అడిగినట్టు చూశాడు. "మేం ఊపిరితో బతికేవాళ్లం సార్. మా కాడ దగ్గు యాడనుంచి వస్తాది?"

"మరి ఆ డోళ్లేమిటి, ఉండుండి మోగుతున్నాయి?"

"ముహూర్తాల కాలం గదా. పిల్లోల్లు సాధకం చేస్తాండారు."

నేను స్తంభం విప్పి చూశాను. చక్రం బాగుంది, తీగలు బాగున్నాయి. పరీక్ష కోసం నేను రికార్డులోంచి వినిపించిన పొగ దగ్గుని ఠక్కున పట్టుకుంది. ఇంతలో నా ఫోను మోగింది. మేళాలపల్లె నుంచి మొట్టమొదటి సమాచారం. పొగ బాధితుడు ఒకరు, సాయం బయల్దేరింది. బాధితుడెవరా అని చుట్టూ చూశాను. చూసి చూసి, నేనే అని అర్థమయ్యాక మజ్జిగ గొంతులో అడ్డంపడింది.

కాసేపటికి డ్రైవరు లేని బండి ఒకటి ఒంటిగదిని వీపున వేసుకుని ఊళ్లోకి వచ్చి నిలబడింది. దానికి మాటలు నేర్పినవాడెవడో గ్రాంథికం మీద మక్కువ ఉన్నవాడు.

"దగ్గుచున్న పౌరుడా! భయపడవలదు. ప్రభుత్వము తమ వెంట నున్నది. దయచేసి లోనికి రండు."

ఊరు ఊరంతా పకాలున నవ్వింది. "సార్‌కి గవర్నమెంటు పల్లకి పంపిచ్చింది రో!" అని ఎవరో అరిచారు. అంతే. మేళగాళ్ల ఊళ్లో పల్లకి మాట ఎత్తితే ఊరుకుంటారా? రెండు సన్నాయిలు, నాలుగు డోళ్లు వచ్చేశాయి. నా మెడలో ఒక బంతిపూల దండ పడింది. నన్ను పెళ్లికొడుకులా ముందు నిలబెట్టి ఊరేగింపు మొదలుపెట్టారు. నేను వద్దు వద్దంటూనే నడిచాను. నిజం చెప్పాలంటే, నా పెళ్లికి మైకులో క్యాసెట్టు పెట్టారు. అసలైన మేళం వెంట నడవడం నాకదే మొదలు.

సన్నాయి పట్టినవాళ్లలో ముందున్నది హుసేనయ్య కూతురు దస్తగిరమ్మ. ఇరవై దాటిన పిల్ల, చువ్వలా ఉంది. ఆ ఒంట్లోంచి అంత నాదం ఎలా వస్తుందో అనుకుంటూ చూస్తున్నాను. రాగం పైకి పోయింది, ఇంకా పైకి పోయింది, అక్కడ నిలబడింది. నా ఒళ్లు ఝల్లుమంది. ఉన్నట్టుండి ఆ పిల్ల పెదాలు సన్నాయి పీకని వదిలేశాయి. అదే క్షణంలో పక్కనున్న హుసేనయ్య డోలు పిడుగులా విరుచుకుపడింది. మిగతా డోళ్లూ అందుకున్నాయి. జనం చప్పట్లు కొట్టారు.

ఆ పిడుగుల కింద, అడుగున ఎక్కడో, సన్నగా ఒక ఈల వినిపించింది. ఇంకెవరికైనా వినిపించేది కాదు. ఏడాది పొడుగునా దగ్గులు విన్నవాణ్ణి కాబట్టి నాకు వినిపించింది. నా నవ్వు ఎగిరిపోయింది.

ఊరు చుట్టి బండి దగ్గరికి రాగానే ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. హుసేనయ్య భార్య, పేరు మాబున్ని.

"నాయనా, నీకు పుణ్యముంటాది. నీ బదులు మా పాపని ఆ గదిలో కూర్చోబెట్టు. మండలం డాక్టరమ్మ చూసింది. ఈ పొగ ఇట్లనే ఇంకొన్నాళ్లు పీలిస్తే మాట్లాడేదానికి ఊపిరి మిగుల్తాదంట గానీ, సన్నాయి ఊదేదానికి మిగలదంట."

"మే, ఊరుకో" అన్నాడు హుసేనయ్య. కానీ ఆ గొంతులో గట్టిదనం లేదు.

దస్తగిరమ్మని ఒంటిగది తలుపు ముందు నిలబెట్టాను. తలుపు అడిగింది. "దయచేసి ఒకపరి దగ్గుడు."

దగ్గడానికి ఆ పిల్ల కష్టపడక్కర్లేదు. దగ్గొచ్చేసింది. దాంతోపాటే ఢమఢమా గట్టిమేళం.

"క్షమింపుడు" అంది తలుపు. "మంగళవాద్యము వినవచ్చినది. దగ్గు వినరాలేదు. తమకు వివాహ శుభాకాంక్షలు."

"హుసేనయ్యగారూ, ఆ డోలు ఆపండి!"

"నేను కొట్టలేదు సార్."

"మీరే కొట్టారు!"

ఆయన తన చేతివంక చూసుకున్నాడు. పుల్ల చేతిలోనే ఉంది. డోలు చర్మం ఇంకా అదురుతూనే ఉంది. ఆ ముఖం చూస్తే ఒట్టు వేయక్కర్లేదు, నిజంగానే ఆయనకి తెలీదు. రెండోసారి దగ్గించాను, మళ్లీ అంతే. శుభాకాంక్షలు మళ్లీ వచ్చాయి. మూడోసారి ఆయన డోలు తీసి కింద పెట్టాడు. ఈసారి వెనకాల గుంపులోంచి ఇంకో డోలు మోగింది. దాన్ని ఆపించేలోగా అరుగు మీద కూర్చున్న ముసలాయన, మౌలాలి తాతంట, ఖాళీ బిందె అందుకున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ పచ్చచుక్క రహస్యం. తాళి కట్టే వేళ ఎవరైనా తుమ్మినా, దగ్గినా, పసిపిల్ల ఏడ్చినా అపశకునం. అది వధూవరుల చెవిన పడకుండా పంతులుగారు వేలు ఊపుతారు, గట్టిమేళం మోగుతుంది. ఈ ఊళ్లో తాతల కాలం నుంచీ చేతులకి అదే చదువు. దగ్గు వినబడగానే బుర్రకంటే ముందు చెయ్యి లేస్తుంది. అడవి అంటుకున్నాక ఊరంతా దగ్గుతోంది, ఊరంతా వాయిస్తోంది. మా చెవి మాత్రం, పాపం, మేళాలపల్లెలో రోజూ పెళ్లిళ్లే అనుకుని సంతోషంగా కూర్చుంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చివరికి కోపమే వచ్చింది, అది నాకు సులువు. "ఇంతమంది దగ్గుతూ, దగ్గేవాళ్లు లేరని నాతో ఎందుకు చెప్పారండీ?" అని అరిచాను.

"ఏంటికి చెప్తాం సార్?" హుసేనయ్య కూడా గొంతు పెంచాడు. "మేళగాళ్లకే దగ్గుండాదని తెలిస్తే పెండ్లికి ఎవురు పిలుస్తారు? అపశకునాన్ని బత్తెమిచ్చి పిలుచుకుంటారా? ఈ కాలం పోతే మళ్లా యాడాది దాకా ముహూర్తాల్లేవు. చేతులు వాటికవే కొట్టేది నిజమే. అవి కొట్టకపోతే మేమే కొట్టమని చెప్పేవాళ్లం, అది గూడా నిజమే."

"సరే, ముందు మీ అమ్మాయి సంగతి చూద్దాం. ఊరవతలికి తీసుకెళ్లి దగ్గిస్తాను. అక్కడ డోళ్లుండవు. తలుపు తెరుచుకుంటుంది."

"నేను రాను" అంది దస్తగిరమ్మ.

తలుపు దగ్గరే చతికిలబడి కూర్చుంది. ఊపిరి ఆడక మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. "నాకు సన్నాయి పట్టేది నేర్పిన చిన్నమ్మ దగ్గుతాంది. శ్రుతి పట్టే మౌలాలి తాత దగ్గుతాండాడు. నేనొక్కదాన్నే పోయి గాజుబొమ్మ మాదిరి లోపల కూర్చుంటే మా ఊరి లెక్క ఒకటే గదా సార్? ఒకటుంటే పందిరి రాదు గదా?"

"రాదు" అన్నాను.

"అయితే నేనూ రాను."

తండ్రి మొండితనం మూటగట్టి పుట్టిన పిల్ల. తిట్టాలనిపించింది, దండం పెట్టాలనిపించింది. రెండూ చేయకుండా పక్కకెళ్లి దమయంతి మేడమ్‌కి ఫోన్ చేశాను.

"మేడమ్, నా కళ్లతో చూశాను. ఊరంతా బాధితులే. మీరు అక్కణ్నుంచి ఒక్క మీట నొక్కి పందిరి పంపండి."

"ఆ మీట నేను పెట్టలేదయ్యా" అన్నారు. "ఇవాళ నువ్వు చెప్తావు, నువ్వు మంచివాడివి. రేపు ఇంకెవడో బావమరిది చెప్తాడు."

"పోనీ గట్టిమేళం వెనకాల దగ్గుని వినడం చెవికి నేర్పండి."

"నేర్పుతాను. దానికి నెల పడుతుంది. ఆ అమ్మాయికి నెల లేదంటున్నావు."

నాకు ఒళ్లు మండింది. మనుషుల మాట వినని యంత్రం ఎందుకని అడిగేశాను. ఆవిడ తిడతారనుకున్నాను.

"లేని దగ్గు దగ్గేవాళ్లని పట్టుకోవాలని ఏళ్ల తరబడి బుర్ర బద్దలుకొట్టుకున్నాను ప్రభంజనం" అన్నారు. "ఉన్న దగ్గుని దాచుకునేవాళ్లు ఉంటారని ఒక్కనాడూ తట్టలేదు. నా తెలివి అక్కడికే. ఇంక నీ చేతుల్లో ఉంది. ఎలాగో ఒకలా వాళ్ల దగ్గుని దానికి వినిపించు."

ఆ సాయంత్రం ఊరంతా స్తంభం చుట్టూ చేరింది. అందరి మెడల్లోనూ డోళ్లు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెవికి దగ్గు వినబడాలి, అంతే, ఇంకో దారి లేదు. వినబడితే రేపు పొద్దుటికి పందిరి వస్తుంది. మేళాలపల్లె దగ్గుతోందన్న వార్త కూడా దాంతోపాటే నలుగురికీ తెలుస్తుంది. ఆ రెండోది నేను ఆపలేను.

గుసగుసలు లేచాయి. తాతల పరువు అన్నారు, వచ్చే ముహూర్తాలు అన్నారు. హుసేనయ్య నేలచూపులు చూస్తున్నాడు. అప్పుడు మాబున్ని కొంగు నడుముకి చుట్టి ముందుకొచ్చింది.

"ముహూర్తానికి దగ్గు అపశకునం. ఒప్పుకుంటా. మరి రేపు పాప సన్నాయి మూల పడితే అది శకునమా? చెప్పండప్పా!" మొగుడి వైపు తిరిగింది. "నువ్వు దాని దగ్గు మీద డోలు కొడతాండావు. ఏడుస్తా కొడతాండావు, నాకు తెలీదా? దగ్గు పోలేదు. నీకు వినపడకుండా దాక్కుంది, అంతే. ఒక్కతూరి విను. తండ్రివి గదా, విను."

హుసేనయ్య మెళ్లోంచి డోలు తీశాడు. నా చేతికిచ్చాడు. అంత బరువుంటుందని నేననుకోలేదు, తూలాను. ఆయన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చేతులు వాటంతటవే తొడల మీద తాళం వేయబోతున్నాయి. ఆయనకే చిరాకేసింది. రెండు అరచేతులూ ఒంటి కిందకి తోసి, వాటి మీద కూర్చున్నాడు.

ఒక్కొక్క డోలూ కిందకి దిగింది. మౌలాలి తాత బిందె కూడా దించాడు. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ ఊరు పుట్టాక అంత నిశ్శబ్దం ఎరగదేమో.

"ఊ, దగ్గండి" అన్నాను.

ఎవరూ దగ్గలేదు.

చిన్నపిల్లల్ని చుట్టాల ముందు నిలబెట్టి పద్యం చెప్పమంటే ఎలా నోరు పెగలదో, అలా ఉంది వాళ్ల పరిస్థితి. ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకుంటున్నారు. ఒకాయన గొంతు సవరించుకుని, అందరూ తనవైపే చూసేసరికి సిగ్గుపడి తల దించేసుకున్నాడు. మౌలాలి తాత గట్టిగా ఊపిరి పీల్చాడు. వచ్చేసింది వచ్చేసింది అని అందరం ముందుకు వంగాం. ఆయన పెద్ద ఆవలింత తీశాడు.

మొదట నవ్వింది దస్తగిరమ్మ. తర్వాత మాబున్ని. చేతుల మీద కూర్చున్న ఆరడుగుల హుసేనయ్యకి భుజాలు ఎగిరెగిరి పడేంత నవ్వొచ్చింది. ఊరంతా నవ్వు అంటుకుంది. నవ్వితే ఊపిరి లోపలికి పోతుంది కదా. పొగ పట్టిన ఊపిరితిత్తులు ఊరుకుంటాయా?

దస్తగిరమ్మ నవ్వు మధ్యలో తెగింది. దగ్గు వచ్చింది. ఒకటి కాదు, వరసగా. వంగిపోయి, నేలమీద చేతులానించి దగ్గింది. ప్రతి దగ్గు చివరా ఆ ఈల, ఈసారి ఏ చప్పుడూ కప్పకుండా, అందరి చెవుల్లోనూ పడింది. హుసేనయ్య భుజాలు ముందుకు ఉరికాయి. చేతులు మాత్రం లేవలేదు. వాటిమీద తన బరువంతా వేసి కూర్చున్నాడు, కళ్లవెంట ధారగా నీళ్లు కారుతున్నాయి. అలా కూర్చుని చివరిదాకా విన్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి, అది పొగ వల్ల కాదు.

తర్వాత చిన్నమ్మ దగ్గింది. మౌలాలి తాత దగ్గాడు. ఇన్నాళ్లు మేళం కింద అణిచిపెట్టిన దగ్గులన్నీ కట్ట తెగినట్టు వచ్చేశాయి. స్తంభం మీది చక్రం పచ్చరంగు వదిలి ఎర్రబారింది. ఎరుపు చూసి అంత సంబరపడ్డ జనాన్ని నేనెక్కడా చూడలేదు. నా ఫోన్లో మేడమ్ గొంతు, పక్కన ల్యాబంతా కేకలు. "హద్దు దాటిందయ్యా! దాటి ఎక్కడికో పోయింది! లారీలు బయల్దేరాయి!"

పందిరి తెల్లవారేసరికి వచ్చింది. బడి మైదానంలో పరిచి గాలి కొడితే, చూస్తూండగానే పైకి లేచింది. గోడలు నిద్రపోతున్న మనిషి పొట్టలా లేస్తూ పడుతూ ఉన్నాయి. ఊరివాళ్లు చెప్పులు బయట విడిచి, గుళ్లోకో దర్గాకో వెళ్తున్నట్టు లోపలికి నడిచారు. మౌలాలి తాత లోపల మొదటి ఊపిరి పీల్చి, "వానొచ్చినంక వాసన" అన్నాడు. చాలామంది అక్కడే, పరుపులు వేసేదాకా ఆగకుండా, వట్టి నేలమీద పడుకుని నిద్రపోయారు. దస్తగిరమ్మకి పందిరితోపాటు వచ్చిన డాక్టర్ అమరేశ్వరి గొట్టంతో మందు పట్టించింది. చెప్పేదాకా సన్నాయి ముట్టుకోవద్దని ఒట్టు వేయించుకుంది. ఆ పిల్ల ఒట్టు వేస్తూ వేస్తూ మూతి మూడు వంకర్లు తిప్పింది.

హుసేనయ్య భయపడ్డది కూడా జరిగింది. ముహూర్తాలు వద్దని ఫోన్లు వచ్చాయి. కొండ అవతలి పెళ్లిపెద్ద ఒకాయన ఫోనుతో ఊరుకోక, మేళానికిచ్చిన తాంబూలం వెనక్కి పుచ్చుకోవడానికి స్వయంగా వచ్చాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, దగ్గే మేళం మాకొద్దని బయట నుంచే కేకలేశాడు. మాబున్ని పొగలో ఎందుకని పందిరి లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. ఆయన తువ్వాలు విప్పాడు. ఒకసారి ఊపిరి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. తాంబూలం మాట మర్చిపోయి గోడల వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఏమప్పా హుసేనయ్యా" అన్నాడు చాలాసేపటికి. "మా కాడ పందిట్లో కూర్చుంటే పెండ్లికూతురికి కండ్లు మండిపోతాండాయి. పెండ్లి ఈడనే చేసుకుంటే మీ గవర్నమెంటు ఏమన్నా అంటాదా?"

నేను మేడమ్‌ని అడిగాను. ఆవిడ రూల్సు తిరగేశారు. పొగ పీల్చిన ఎవరైనా లోపలికి రావచ్చు అని మాత్రం ఉంది. వచ్చినవాళ్లు లోపల పెళ్లి చేసుకోకూడదని ఎక్కడా లేదు. "పెళ్లికూతురు కూడా ఊపిరి పీల్చేదేగా? కానివ్వండి" అన్నారు.

ఒక పెళ్లి జరిగిందని తెలిసేసరికి, వద్దన్నవాళ్లంతా వరస కట్టారు. ఆ వైశాఖంలో మేళాలపల్లె బడి మైదానంలో పడినన్ని మూడు ముళ్లు ఇంకెక్కడా పడలేదు. వండేవాళ్లు బయట, తినేవాళ్లు లోపల. మేడమ్ ఒక పెళ్లికి వచ్చి, చెవికి గట్టిమేళం పాఠం దగ్గరుండి నేర్పించారు. బూరెలు మాత్రం రెండోసారి అడిగి వేయించుకున్నారు. సన్నాయి చిన్నమ్మ వాయించేది. దస్తగిరమ్మ పక్కన కూర్చుని వేళ్లు ఆడిస్తూ పళ్లు నూరుకునేది.

మొదటి వాన కురిసి కొండ మీద మంట చల్లారాక డాక్టర్ అమరేశ్వరి అందర్నీ వరసగా పరీక్ష చేసింది. దస్తగిరమ్మ వంతు వచ్చేసరికి మేమంతా పనులు మానుకుని చుట్టూ చేరాం. హుసేనయ్య మాత్రం దూరంగా, పందిరి గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ వీపు మీద స్టెతస్కోపు ఆనించి, ఊపిరి పీల్చమ్మా, వదులమ్మా అంటూ చాలాసేపు విన్నది. ఆవిడ ముఖంలో ఏమీ తెలీలేదు. చెవుల్లోంచి దాన్ని తీసి, హుసేనయ్యని దగ్గరికి రమ్మంది.

"మీరే వినండి. లయ తెలిసినవారు కదా."

ఆయన దాన్ని చెవులకి తగిలించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కూతురు ఊపిరి పీల్చింది, వదిలింది. పీల్చింది, వదిలింది.

"ఏమయ్యా, ఏముండాది లోపల? చెప్పి చావు!" అంది మాబున్ని.

"ష్" అన్నాడు హుసేనయ్య, కళ్లు తెరవకుండానే. "పిల్లికూతలన్నీ పోయినాయి మే. ఒకే ఒక్క పిల్లి మిగిలింది. చిన్నదే. మూలన పండుకోనుంది. ఎవురూ మాట్లాడొద్దండి, లేస్తాది."

డాక్టరమ్మ తలూపింది. ఇంకొన్నాళ్లు మందు వాడితే ఆ ఒక్కటీ పోతుందని, సన్నాయి రేపట్నుంచే మెల్లగా మొదలుపెట్టుకోవచ్చని చెప్పింది. హుసేనయ్య స్టెతస్కోపు తీయనే లేదు. అలాగే వింటూ నిలబడ్డాడు. గడ్డం మీదుగా నీళ్లు కారుతున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి.

"నాయనా, చాలు, దాన్ని ఆయమ్మకిచ్చెయ్" అంది దస్తగిరమ్మ.

"ఉండు పాపా" అన్నాడు. "ఇన్నాళ్లూ విననే లేదు. కొంచేపు విననీ."